హక్కులు అమెరికాలో మాత్రమే దొరుకును

పౌరహక్కుల మీద మన కాలేజీల్లో ప్రాజెక్టు చెయ్యాలంటే ముందు వీసా కావాలి. అలబామా దాకా పోవాలి. మాంట్‌గోమరీలో బస్సెక్కి, రోజా పార్క్స్ పక్కన కూర్చుని, సీటు ఇవ్వనని భీష్మించుకోవాలి. అట్లాంటాలో దిగి మార్టిన్ లూథర్ కింగ్ ఇంటికి దండం పెట్టుకుని రావాలి. అప్పుడు ఫస్టు ప్రైజు, షీల్డు, ఫ్లెక్సీ మీద ఫొటో. అలాకాకుండా నెల్లూరులో మైపాడు బస్సెక్కి, దారిలో కనబడిన మనుషుల హక్కుల సంగతేమిటని అడిగారనుకోండి. దాని పేరు కాంట్రవర్సీ.

ఈ నియమం ఏ జీవోలోనూ లేదు. అయినా ఏ జీవోకూ లేనంత నిష్ఠగా అమలవుతోంది.

నమ్మరా? మా చెల్లెలి కూతురు పడ్డ పాట్లు వినండి. నెల్లూరులో డిగ్రీ చదువుతోంది. కాలేజీ పేరెందుకు? ఒకదాని పేరు రాస్తే మిగతావాళ్ళు "మేం మాత్రం తక్కువా" అని నొచ్చుకుంటారు. పౌరహక్కుల చరిత్ర మీద పోటీ అన్నారు. మేడం జాబితా చదివింది. కింగ్, పార్క్స్, మండేలా, లింకన్. నాలుగు పేర్లు. నాలుగూ విమానం టికెట్లే. మా పిల్ల లేచి "మన జిల్లా మీద చేస్తా మేడం" అంది. క్లాసంతా నవ్వు. మేడం జాలిగా చూసింది. "మన జిల్లాలో సివిల్ రైట్స్ యాడుండాయమ్మా?"

చూశారా? నిజం ఎప్పుడూ నోరు జారే బయటికొస్తుంది.

సరే, చరిత్ర కోసం ఎక్కడికి పోవాలి? లైబ్రరీకి పోయింది. బీరువా ఉంది, తాళం ఉంది, తాళంచెవి ఉన్నాయన డిప్యుటేషన్ మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. ఒక ఆఫీసుకు పోయింది. పాత రికార్డు చూడాలంది. గుమాస్తా గారు కళ్ళజోడు పైనుంచి చూశాడు. ఏ పేపరు? ఏ పార్టీ? ఎవరు పంపించారు? అన్నిటికీ "ఎవరూ లేరు సార్, ప్రాజెక్టు" అని చెప్పాక, ఆఖరి ప్రశ్న మెల్లగా, చాలా ఆప్యాయంగా వచ్చింది. "ఇంతకీ మీరేమిట్లమ్మా?"

అంటరానితనం మీద ఫైలు అడిగినా ముందు కులం చెప్పాలి. లేకపోతే ఏ బీరువా తెరవాలో ఆయనకెలా తెలుస్తుంది, పాపం?

పిల్ల మొండిది. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టింది. 2005లో వచ్చిన చట్టం. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇచ్చారు. మాట తప్పలేదు. "తాము కోరిన సమాచారం ఈ కార్యాలయ పరిధిలో లేనందున సంబంధిత కార్యాలయానికి పంపడమైనది." సంబంధిత కార్యాలయం కూడా అంతే వినయంగా దాన్ని మళ్ళీ ఇటు పంపింది. రెండు ఆఫీసుల మధ్య ఇంత చక్కటి ఉత్తర ప్రత్యుత్తరాలు ఈ మధ్య కాలంలో ఎవరూ చూసి ఉండరు.

అయినా దొరికింది. చరిత్ర ఆఫీసుల్లో దొరక్కపోవచ్చు గానీ మనుషుల్లో దొరుకుతుంది. కొన్ని పాత పుస్తకాల్లో దొరుకుతుంది. అయిదు అట్టలు తయారుచేసింది. ఆ అయిదూ చెబుతాను. ఎందుకంటే వాటిని పూర్తిగా చూసినవాళ్ళు ఆ రోజు హాల్లో ఎవరూ లేరు.

మొదటి అట్ట మైపాడు. 1930. ఉప్పు మీద పన్నేమిటని అడిగి నెల్లూరు సత్యాగ్రహులు ఆ తీరాన ఉప్పు వండారు. అంతకు తొమ్మిదేళ్ళ ముందే, 1921 ఏప్రిల్ 7న, గాంధీ స్వయంగా వచ్చి పల్లిపాడులో పెన్న ఒడ్డున ఆశ్రమం ప్రారంభించి పోయాడు. ఈ నేల పోరాటానికి కొత్తది కాదని చెప్పడానికి ఇది చాలు.

రెండో అట్ట మీద ఉన్నాయనది అందరికీ తెలిసిన ముఖం. బజారులో విగ్రహమై నిలబడి ఉన్నాడు. పొట్టి శ్రీరాములు. 2008 నుంచి జిల్లా పేరే ఆయనది. ఆయనెవరని అడగండి, ఎల్‌కేజీ పిల్లాడు చెబుతాడు. ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబర్ 15న ప్రాణం వదిలిన అమరజీవి. కరెక్టు. పదికి పది మార్కులు. మరి అంతకు ఆరేళ్ళ ముందు, 1946లో, ఇదే నెల్లూరులో, మూలాపేట వేణుగోపాలస్వామి గుడి కోసం ఆయన అన్నం ఎందుకు మానేశాడు? ఎల్‌కేజీ పిల్లాడిని వదిలెయ్యండి. ఆ విగ్రహానికి ఏటా దండ వేసే పెద్దమనిషిని అడగండి. బిక్కమొహం వేస్తాడు. దళితుల్ని ఆ గుడిలోకి రానివ్వాలని మానేశాడు. ఆలయ ప్రవేశం అందరి హక్కని మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది 1947లో. ఈయన అంతకు ముందే కడుపు మాడ్చుకుని కూర్చున్నాడు. అంటరానితనం వద్దని అట్టల మీద రాసుకుని నెల్లూరు వీధుల్లో తిరిగితే, పిచ్చోడు అన్నారు. ఆ పిచ్చోడి పేరే ఇప్పుడు ప్రతి సర్కారు కాయితం నెత్తిన ఉంది. పేరు మాత్రం తీసుకున్నాం. ఆ పిచ్చి అంటకుండా జాగ్రత్తపడ్డాం.

మూడో అట్ట బిట్రగుంట దగ్గరి కప్పరాళ్ళతిప్ప. ఇంగ్లీషువాడు 1871లో నేరస్థ తెగల చట్టమని ఒకటి చేశాడు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ తెచ్చాడు. దాని లెక్కలో దొంగతనం చేస్తే దొంగ కాదు. పుడితే దొంగ. వేలిముద్రలివ్వాలి. పిలిచినప్పుడు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పాసు తీసుకోవాలి. ఎరుకలవాళ్ళను, యానాదులను తెచ్చి సెటిల్‌మెంట్లలో పెట్టారు. కావలిలో ఒకటి, కప్పరాళ్ళతిప్పలో ఒకటి. ఈ జిల్లావాడే వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల్ని కూడగట్టి ఏళ్ళ తరబడి ఆ చట్టంతో పోట్లాడాడు. 1947లో మద్రాసులో పోయింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. 1973లో రాఘవయ్యకు పద్మభూషణ్ ఇచ్చారు.

చట్టం పోయింది. పతకం వచ్చింది. మరి అనుమానం? అది ఏ గెజిట్‌లో రద్దయింది? పొలంలో మోటారు పోతే, దొడ్లో కోడి పోతే, జీపు మొదట ఏ కాలనీకి పోతుంది? మీకు తెలుసు. డ్రైవరుకు దారి కూడా చెప్పక్కర్లేదు.

నాలుగో అట్ట కోసం కలిగిరి మండలం దూబగుంట పోయింది. 1990ల మొదట్లో అక్షరాస్యత కార్యక్రమం పెట్టారు. రాత్రి బడుల్లో ఆడవాళ్ళకు ఓనమాలు. వాచకంలో సీతమ్మ కథ. ఊరి ఆడవాళ్ళంతా ఒక్కటై సారా అంగడి మూయించిన కథ. సర్కారువారు దాన్ని పాఠం అనుకున్నారు. దూబగుంట ఆడవాళ్ళు పని అనుకున్నారు. ఆ ఊరి రోశమ్మ ముందు నడిచింది. చీపుర్లు, కారప్పొడి వెనక నడిచాయి. అంగడి మూతపడింది. ఒక ముసలామె అరుగు మీద చింతపండులో గింజలు తీస్తూ, తల ఎత్తకుండానే మా పిల్లకు చెప్పిందట. "సంతకం నేర్చుకోమన్నారు. నేర్చుకున్నాం. అది తీసుకుపోయి కలెక్టరుకు రాసిన కాయితం మీద పెట్టాం. అది మాత్రం వాళ్ళు నేర్పలా."

ఆ కాయితాలు ఎంత దూరం పోయాయి? 12వ తరగతి ఎన్‌సీఈఆర్‌టీ రాజనీతి శాస్త్రం పుస్తకమే రాసింది. దాదాపు 5,000 ఊళ్ళ ఆడవాళ్ళు కదిలారని, నెల్లూరు జిల్లాలో సారా వేలం పాట 17 సార్లు వాయిదా పడిందని. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా బంద్.

రాజ్యాంగం చదవని ఆడవాళ్ళు ప్రభుత్వ ఖజానాను 17 సార్లు గుమ్మం బయట నిలబెట్టారు. ఇది పౌరహక్కుల పోరాటం కాకపోతే మరేమిటి? వనభోజనమా?

ఇక పోటీ రోజు. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడు. రావాలి మరి, సమయానికొస్తే ముఖ్యం ఎలా అవుతాడు? దీపం వెలిగించారు. శాలువాలు కప్పారు. శాలువాలు కప్పినవాళ్ళకు వేరేవాళ్ళు శాలువాలు కప్పారు. సమానత్వం మీద అతిథిగారి ప్రసంగం. వేదిక మీద సోఫాలు, కింద ప్లాస్టిక్ కుర్చీలు, వెనక పిల్లలు నిలబడి. ఇవన్నీ పూర్తయ్యాక సమయం మించిపోయింది కాబట్టి పిల్లలు తలా మూడు నిమిషాల్లో ముగించాలన్నారు.

జడ్జీలు మా పిల్ల బల్ల దగ్గరకొచ్చారు. ఉప్పు అట్ట చూసి ముఖాలు వెలిగిపోయాయి. "వెరీ గుడ్! దేశభక్తి!" ఒకాయన ఫొటో కూడా దిగాడు.

శ్రీరాములు అట్ట దగ్గర ఆగారు. "దీక్ష ఫొటో ఉంచమ్మా. గుడి సంగతి ఎందుకు? మనోభావాలు దెబ్బతింటాయి." ఎవరి మనోభావాలు సార్? గుడి బయట నిలబెట్టినప్పుడు దెబ్బతిన్నవాళ్ళవా? అవి లెక్కలోకి రావు కాబోలు.

కప్పరాళ్ళతిప్ప అట్ట. "కులాల పేర్లు రాయకూడదమ్మా. ఇప్పుడు కులాలెక్కడున్నాయి?" అన్నాయన పేరు వెనక ఫ్లెక్సీ మీద కులం తోక బొద్దుగా, బంగారు రంగులో మెరుస్తోంది.

దూబగుంట అట్ట. అక్కడ అతిథిగారు స్వయంగా కలగజేసుకున్నారు. బావమరిదికి వైన్ షాపు ఉన్న మనిషికి ఆ మాత్రం చారిత్రక స్పృహ ఉండదా? "సారా, వేలం... ఇదంతా నెగటివ్‌గా ఉంది. మహిళా సాధికారత అని పెట్టు. ముగ్గు కూడా వెయ్యి."

ఇప్పుడు సూత్రం అర్థమైందా? ఉప్పు సత్యాగ్రహం ఎందుకు నచ్చింది? అందులో విలన్ తెల్లవాడు. మాంట్‌గోమరీ ఎందుకు నచ్చింది? అక్కడా విలన్ తెల్లవాడే. మరి మూలాపేటలో విలన్ ఎవరు? సారా అంగడి ఎవరిది? యానాదిని చూసి దొంగ అన్న నోరు ఎవరిది? విలన్ పరాయివాడైతే అది చరిత్ర. పక్కింటివాడైతే మనోభావం. మనవాడైతే నెగటివ్. ఈ ఒక్క సూత్రం వంటబడితే చాలు, మన దగ్గర ఏ పోటీకైనా జడ్జీగా కూర్చోవచ్చు.

అయిదో అట్టను తిప్పి కూడా చూడనివ్వలేదు. దాని మీద చరిత్ర లేదు. నిన్నటి సంగతి ఉంది. తీరం వెంబడి రొయ్యల గుంతల గట్ల మీద యానాది కాపలాదారుల గుడిసెలుంటాయి. అలాంటి ఒక గుడిసెలో చూరులోంచి పాలిథిన్ సంచి తీసి చూపించాడట ఇంటాయన. అందులో ఆయన కాయితాలన్నీ ఉన్నాయి. అంటే ఒక ఓటరు స్లిప్పు, ఒక మందుల చీటీ. పిల్లను బడిలో వెయ్యాలంటే కులం సర్టిఫికెట్ అడిగారు. దానికి ఆధార్ కావాలన్నారు. ఆధార్‌కు పుట్టిన తేదీ సర్టిఫికెట్ కావాలన్నారు. దానికి ఆసుపత్రి కాయితం కావాలన్నారు. పిల్ల పుట్టింది గట్టు మీద. గట్టు కాయితం ఇవ్వదు కదా!

ఓటరు స్లిప్పు మాత్రం ఇంటికే తెచ్చిచ్చారు. గమనించారా? గుడిసె ఎక్కడుందో తెలియనిది ఒక్క సంక్షేమానికే.

2022 దాకా మన జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట యానాదుల దీవి. 1971 నుంచి అక్కడ రాకెట్లు ఎగురుతున్నాయి. 2023లో అక్కడినుంచి లేచిన చంద్రయాన్ చంద్రుడి మీద ఎక్కడ దిగాలో వెతుక్కుని మరీ దిగింది. గర్వపడదాం. తప్పులేదు. కానీ చంద్రుడి దక్షిణ ధ్రువం దాపున చోటు దొరికిన దేశానికి రొయ్యల గుంత గట్టు మీది గుడిసె దొరకదంటే, వెతకడం చేతకాలేదని నమ్మాలా? వెతకడం ఇష్టం లేదని నమ్మాలా?

వెట్టిచాకిరీని 1976లో చట్టం చేసి రద్దుచేశాం. 2025లో పాతిక వేల బాకీ కోసం ఒక యానాది తల్లి తన తొమ్మిదేళ్ళ కొడుకును బాతులు మేపించే యజమాని దగ్గర వదిలిపెట్టాల్సి వచ్చింది. బాకీ తీర్చడానికి పోతే కొడుకు లేడు. తమిళనాడులో పాతిపెట్టిన చోటినుంచి శవాన్ని తవ్వి తీశారు. పేపర్లన్నీ రాశాయి. ఒక వారం. మా పిల్ల ఆ వార్త కత్తిరించి అట్ట మీద అంటించింది. జడ్జీగారు విసుక్కున్నారు. "చరిత్ర అడిగితే ఇవాళ్టిది తెస్తావేందమ్మా?"

నిజమే. 1976లో రద్దయినది 2025లో ఎలా జరుగుతుంది? జరిగిందని చెప్పిన పిల్లదే తప్పు.

ఫస్టు ప్రైజు ఎవరికొచ్చిందో చెప్పలేదు కదూ. రోజా పార్క్స్ బస్సుకు. థర్మోకోల్‌తో చేసింది. లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది. అచ్చం మన పల్లెవెలుగు రంగు వేశారు. చేసిన పిల్లల్ని నేనేమీ అనను. బాగా చేశారు. రోజా పార్క్స్ మహానుభావురాలు. 1955 డిసెంబర్ 1న ఆమె సీటు వదలకపోవడం ప్రపంచాన్ని కదిపింది. కానీ ఆమె సీటులో కూర్చుంటే చప్పట్లు కొట్టే చేతులు, మన రోశమ్మ లేచి నిలబడితే జేబుల్లో దూరతాయెందుకు?

కింగ్‌కు ఈ సంగతి అర్థమైంది. మన జడ్జీలకే కాలేదు. 1959లో ఆయన ఇండియా వచ్చాడు. త్రివేండ్రంలో దళిత పిల్లల బడికి పోతే, ప్రధానోపాధ్యాయుడు ఆయన్ను అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడిగా పరిచయం చేశాడు. మొదట కింగ్‌కు చురుక్కుమంది. తర్వాత ఆలోచించి, అవును, నేను అంటరానివాణ్ణే అనుకున్నాడు. ఆ మాట ఆయనే చెప్పుకున్నాడు. ఆయన మాంట్‌గోమరీ నుంచి వచ్చి మన వాడలో తనను తాను చూసుకున్నాడు. మనం మన వాడలో కూర్చుని మాంట్‌గోమరీ చూస్తున్నాం. ఎదురుగా ఉన్న గుడిసె కనపడకుండా ఉండటానికి అంత దూరపు చూపు అవసరమే మరి.

కాలేజీవాళ్ళను మాత్రమే అంటే అన్యాయం. పైవాళ్ళేం తక్కువ తిన్నారు? దూబగుంట గురించి రాసిందని చెప్పానే, ఆ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం? 2022లో కరోనా తర్వాత పిల్లల మీద భారం తగ్గిస్తామని సిలబస్ కత్తిరించారు. ప్రజా ఉద్యమాల అధ్యాయం మొత్తం ఎగిరిపోయింది. దానితోపాటు దూబగుంటా పోయింది. పదో తరగతిలో 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఇద్దరు నల్లజాతి అథ్లెట్లు పిడికిలి ఎత్తిన కథ ఉండేది. అదీ పోయింది. అంటే దగ్గరి హక్కులు బరువు, దూరపు హక్కులూ బరువే. పాపం పిల్లలు, పుస్తకాల సంచి బరువేమీ తగ్గలేదు గానీ అందులోంచి వెన్నెముక ఒక్కటి తీసేశారు.

ఇక పార్టీల సంగతి. 1980లలో వారుణి వాహిని పేరుతో ప్యాకెట్ సారా పంచిన పార్టీయే 1994లో సంపూర్ణ మద్యనిషేధం మాటిచ్చి ఆడవాళ్ళ ఓట్లు మూటగట్టుకుని, దాని మీద సంతకం పెట్టింది. 1997లో అదే పార్టీ నిషేధం ఎత్తేసింది. 2019లో ఇంకో పార్టీ దశలవారీ నిషేధం అంది. దశలు ఏమయ్యాయో గానీ సర్కారే కౌంటరులో కూర్చుని సీసాలమ్మింది. 2024లో మళ్ళీ మొదటి పార్టీ చవగ్గా నాణ్యమైన మందు ఇస్తానంది. ఇచ్చింది. 99 రూపాయల క్వార్టర్. ఎన్నికల మాటల్లో ఇంత చురుగ్గా నిలబెట్టుకున్నది ఇంకొకటి చూపించండి చూద్దాం! 3,396 షాపులు. దరఖాస్తుకు రెండు లక్షలు, తగిలినా తగలకపోయినా తిరిగి ఇచ్చేది లేదన్నారు. ఆనాడు రోశమ్మలు వేలం పాటలు ఆపించారు. ఈనాడు ఆపడానికి వేలమే లేదు. లాటరీ. ప్రభుత్వాలు ఉద్యమాల నుంచి పాఠాలు నేర్చుకోవని ఎవరన్నారు?

రోశమ్మ 2016లో పోయింది. అన్ని పార్టీలవాళ్ళూ మెచ్చుకున్నారు. చనిపోయినవాళ్ళను మెచ్చుకోవడంలో మనకు పార్టీ భేదాల్లేవు. బతికున్నవాళ్ళు కాయితం పట్టుకుని వస్తేనే ఇబ్బంది.

మా పిల్లకు పాల్గొన్నందుకు సర్టిఫికెట్ ఇచ్చారు. అందులో పేరు తప్పు రాశారు. ప్రాజెక్టు పేరు "మహిళా సాధికారత" అని రాశారు. పక్కన చిన్న ముగ్గు కూడా వేశారు. "ఏంది మామా ఇది, నేనేం తప్పు చేశా?" అని అడిగింది. ఏం చెప్పను? తప్పేమీ లేదమ్మా, ఊరి పేరు రాశావు, అంతే అన్నాను.

కాబట్టి జడ్జీలకు, మేడంలకు, అతిథులకు ఒక విన్నపం. ఈ పిల్లలకు మీ ప్రైజులొద్దు. బీరువా తాళంచెవి ఇవ్వండి. దరఖాస్తుకు జవాబివ్వండి. కులం అడగకుండా కుర్చీ చూపించండి. ఇవేవీ చేతకాకపోతే కనీసం అట్టకు అడ్డం లేవండి.

తల్లిదండ్రులకూ ఒక మాట. మీ పిల్ల రేపు "మన ఊళ్ళో" అని మొదలుపెట్టి ఏదైనా రాసుకొస్తే, "నీకెందుకే ఇవన్నీ" అనకండి. ఆ మాట అనడానికి బయట చాలామంది ఉన్నారు. జీతాలు తీసుకుని మరీ అంటున్నారు.